ఇన్వర్టరు కూత పెట్టలేదు

"ఆటో వచ్చింది. ఎక్కించెయ్యనా?"

బుల్లిరాజు గుమ్మంలో నిలబడి అడిగాడు. అతని భార్య భవానీదేవి అరుగు వైపు చూసింది.

కంప్యూటరు అరుగు మీద రెండు మూటలై ఉంది. మోనిటరు ఒక దుప్పట్లో, సీపీయూ డబ్బా ఇంకో దుప్పట్లో. కట్టింది అతనే. కొబ్బరికాయల బస్తాకి వేసినట్టు ముడి మీద ముడి వేశాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"ముడులు నన్నడిగి వేసేరా, ఎక్కించడానికి అడగడానికి?"

గదిలోంచి వరహాలమ్మ పిలిచింది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినా ఆవిడ గొంతు వీధిదాకా వినిపిస్తుంది.

"ఒరేయ్ బుల్లీ, దాన్ని పంపెయ్యకురా."

"నువ్వూరుకో అమ్మా. నీకోసమే."

"నాకోసమైతే నన్నడగవేం?"

బుల్లిరాజు అరుగు మీద కూర్చున్నాడు. ఆటోవాడు తాతబ్బాయి ఇంజను ఆపేసి, ఇలాంటప్పుడు ఎటు చూడాలో అటు, కొబ్బరిచెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

సోమవారం నుంచి ఇంట్లో ఇదే. ఆవేళ మధ్యాహ్నం కరెంటు కోతలో భవానీ దస్తావేజుల రైటరుగారి కోసం దస్తావేజు ఒకటి టైపు చేస్తోంది. ఇన్వర్టరు బ్యాటరీ దిగిపోతోందని కూత పెట్టింది. ఇంకొక్క పేజీ ఉందనుకుని పని కానిచ్చి, పెరట్లో బట్టలు తియ్యడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి బుల్లిరాజు తల్లి మంచం దగ్గర వంగి ఉన్నాడు. గాలిపరుపు దిగిపోయి ఉంది. దాని కింద చెయ్యి పెడితే మంచం చెక్క తగిలింది. తల్లిని పక్కకి తిప్పి చూస్తే నడుం పైన అరచెయ్యి మేర ఎర్రబడి ఉంది.

ఆ పరుపుకి చిన్న మోటారుంటుంది. ఒక వరస గొట్టాల్లో గాలి నింపుతుంది, పక్క వరసలో వదులుతుంది. మంచం పట్టిన మనిషి వీపు ఒక్కచోటే ఒత్తుకోకుండా ఉండాలంటే అది రాత్రీ పగలూ నడవాలని అమలాపురం డాక్టరుగారు చెప్పారు. ఆ మాట మీదే ఇంటికి ఇన్వర్టరు వచ్చింది. ఆ ఇన్వర్టరు మీదే భవానీ కంప్యూటరు వచ్చింది.

"ఆటో ఎంతసేపు ఉంటుంది?" అన్నాడు బుల్లిరాజు.

"నేను ఎన్నిసార్లు చెప్పాలండీ? కూత పెట్టింది, నిజవే. కానీ ఆగిపోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది."

"ఫ్యాను తిరిగితే పరుపెందుకు దిగింది?"

సోమవారం నుంచీ ఆమె తనని తాను అడుక్కుంటున్నదీ అదే.

"చెరువు దగ్గర ఏరియేటరు ఆగితే రొయ్యకి ఊపిరాడదని ఓడలరేవు రోడ్డంతా పరిగెడతాను," అన్నాడతను. "ఇంట్లో మా అమ్మ పరుపు ఆగితే చూడ్డానికి మనిషి లేదు."

అనేసి ఆగిపోయాడు. ఎనిమిది నెలలుగా ఆ తల్లికి స్నానం చేయిస్తున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ఏదైనా అంటుందేమోనని చూశాడు. ఆమె కొంగు బొడ్డులో దోపుకుని మోనిటరు మూట రెండు చేతులా ఎత్తింది.

"ఎక్కడికి?"

"దీపక్ కొట్టుకి. కొన్నచోటికే."

"నేను ఇచ్చొస్తానుగా."

"మీరు ఇచ్చేసి వస్తారు. నేను అడిగి వస్తాను. ఇది కరెంటు తాగేస్తోందనే కదా మీ బాధ? తాగనిది ఉందేమో అడుగుతాను."

"అలాంటిదుంటే తెచ్చుకో. నేను కాదన్నానా? కానీ పరుపు ఇంకొక్కసారి దిగిందా, ఈ ఇంట్లో కంప్యూటరు మాట ఉండకూడదు."

"ఆయ్," అంది భవానీ.

మూట ఆమె చేతుల్లోంచి అతనే తీసుకుని, డబ్బా మూటతో పాటు ఆటోలో పెట్టాడు. మోనిటరు మళ్ళీ తీసి, ఆమె ఎక్కాక ఒళ్ళో పెట్టాడు.

"కింద పెట్టకు. బోడసకుర్రు దాకా రోడ్డు బాగోలేదు. అద్దం నీ వైపు తిప్పి పట్టుకో."

తిరిగి ఇచ్చేసే వస్తువుకి ఈ జాగ్రత్తెందుకని తాతబ్బాయి అడగబోయి మానేశాడు.

*

దీపక్ కొట్టు అమలాపురంలో, రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళే సందులో ఉంది. భవానీ డీటీపీ నేర్చుకున్న సెంటర్లోనే అతనూ నేర్చుకున్నాడు, ఆమె కంటే రెండు బ్యాచ్‌లు వెనక. అప్పటినుంచీ అక్కా అనే పిలుస్తాడు.

"ఏవైందక్కా, పాడైపోయిందా?"

"పనిచేస్తోంది. అదే తప్పయింది."

సంగతంతా చెప్పింది. దీపక్ ముడులు విప్పడానికి కత్తెర వెతుక్కున్నాడు. కంప్యూటరు బల్ల మీద పెట్టి, తీగ తెచ్చి ఒక మీటరులోంచి ప్లగ్గు పెట్టాడు. మీటరు మీద అంకెలు పైకెక్కుతుంటే భవానీ చూస్తూ ఉంది.

"ఇది సెకండ్‌హాండు పెంటియం ఫోరు కదండీ. వేడి మనిషి. డబ్బా, మోనిటరు కలిపితే మీ ఇంట్లో ఫ్యానులాంటివి మూడు తిరిగినట్టు. అందులో ఒకటి మోనిటరుదే."

"మా అత్తయ్యగారి పరుపు మోటారో?"

"అదెంతండీ, పడుకునేటప్పుడు వేసుకునే చిన్న బల్బంత."

భవానీ మీటరు అంకెల వైపు మళ్ళీ చూసింది. అంత చిన్నదాన్ని తన యంత్రం ఆపేసిందన్నమాట.

"తక్కువ తాగేది చూపించు."

దీపక్ రెండు అట్టపెట్టెలు దింపాడు. ఒకటి డ్యూయల్ కోరు ప్రాసెసరుది. రెండోది కిందటేడు కొత్తగా వచ్చిన, తక్కువ కరెంటుతో నడిచే ఆటమ్. రెండో పెట్టెలోంచి తీసిన బోర్డు కంచంలో పట్టేంత ఉంది. దాని మీద వేడి లాగేసే అల్యూమినియం రేకుల దిమ్మలు రెండున్నాయి. ఒకదాని మీద ఫ్యాను ఉంది. రెండోదాని మీద లేదు.

"ఈ ఫ్యాను కిందేనా ప్రాసెసరు?"

"కాదండి. ప్రాసెసరు ఆ పక్కన ఉత్తి రేకులున్నదాని కింద. దానికి ఫ్యాను అక్కర్లేదు. ఫ్యానున్నది దానికి పనులు అందించే చిప్పు మీద."

"అంటే యజమాని చల్లగా కూర్చున్నాడు, గుమాస్తాకి ఉక్కపోస్తోంది."

దీపక్ నవ్వాడు. భవానీ కూడా నవ్వింది. సోమవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏవేం చేస్తుందో చెప్పకు. ఏం చెయ్యదో చెప్పు."

అతను మెడ రుద్దుకున్నాడు. "టైపింగుకి ఢోకా లేదక్కా. పేజీలు పెట్టుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఫొటోలే. పెద్ద ఫొటో తెరిస్తే మీరు టీ తాగొచ్చినా ఆ గడియారం బొమ్మ తిరుగుతూనే ఉంటుంది."

"పెళ్ళి ఆల్బములు?"

"దీని మీద అవ్వవండి."

పెళ్ళి ఆల్బముల పని ఇప్పిస్తానని దీపక్ స్నేహితుడి స్టూడియోలో మాట్లాడి పెట్టాడు. దానికోసం రెండు నెలలు ఆదివారాలు వచ్చి ఆమె ఈ కొట్టులోనే నేర్చుకుంది. దస్తావేజులైతే ఎవరో రాసినవి ఎక్కించడమే. ఆల్బములో ఏ ఫొటో పక్కన ఏది పెట్టాలో ఆమే చూసుకుంటుంది. మొదటి పేజీలో పెళ్ళికూతురి చేతులు మాత్రమే పెట్టి చేసినదాన్ని స్టూడియోవాళ్ళు గోడకి అంటించుకున్నారు.

"ఇప్పుడిది తీసుకుని, తర్వాత ప్రాసెసరు ఒక్కటీ మార్చుకోవచ్చా?"

"మిగతావాటికైతే మార్చొచ్చు. ఇది బోర్డుకే అతికించేసి ఉంటుందండి. ఊడదు. మార్చాలంటే మొత్తం మార్చడమే." దీపక్ డ్యూయల్ కోరు పెట్టె ముందుకి జరిపాడు. "ఇదైతే ఆల్బములు ఎగరేసుకుంటూ చేస్తుంది. సన్న మోనిటరు పెడితే కరెంటు కూడా పాతదాని కంటే తగ్గుద్ది. మరీ తక్కువేం కాదనుకోండి."

"కోత అయ్యేదాకా బ్యాటరీ నిలబడుతుందా? ఫ్యానూ పరుపూ ఉండగా?"

"చెప్పలేనండి. మీ బ్యాటరీ పాతబడితే..."

"ఇదో?"

"ఇదైతే నిలబడుద్ది. నేను చెప్తున్నాను."

భవానీ స్టూలు లాక్కుని కూర్చుంది. దీపక్ బోర్డుకి తీగలు తగిలించి సన్న మోనిటరు వెలిగించాడు. ఆమె ఒక చేను హద్దులు టైపు చేసింది. తూర్పు, పంట బోదె. దక్షిణం, ఊరుమ్మడి బాట. అక్షరం వేలి వెంటే వచ్చింది. యంత్రం చప్పుడు వినడానికి చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

పాతదాని ముందు కూర్చుంటే ఆ హోరు మీద అరిచి చదవాల్సొచ్చేది. టైపు చేసిన దస్తావేజుని పైకి చదివి సరిచూసుకోవడం ఆమె పద్ధతి. వినడం వరహాలమ్మ పద్ధతి. రోజంతా పైకప్పు చూసే మనిషికి ఊళ్ళో ఎవరి చేను ఎవరికి పోతోందో తెలిసేది అప్పుడే.

"ఇదే పెట్టు," అంది.

"అక్కా, స్టూడియోవాళ్ళకి నేనేం చెప్పను?"

"వేరేవాళ్ళని చూసుకోమను."

ఆ మాట అన్నాక గ్లాసుడు మంచినీళ్ళు అడిగింది. తాగడం అయ్యేదాకా గ్లాసు దించలేదు.

*

కొత్తది వచ్చిన రోజు మధ్యాహ్నం కోతకి బుల్లిరాజు చెరువుకి వెళ్ళలేదు. ఇన్వర్టరు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఫ్యాను తిరిగింది. పరుపు నడిచింది. భవానీ టైపు చేసింది. అతను మధ్యమధ్యలో లేచి వెళ్ళి తల్లి కింద చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. కరెంటు వచ్చేదాకా ఇన్వర్టరు కూత పెట్టలేదు.

"పర్లేదే," అన్నాడు లేస్తూ. "పెట్టింది తిని ఊరుకుంటోంది."

"మనింట్లో వాళ్ళందరూ అంతే కదండీ," అంది భవానీ తెర మీంచి చూపు తిప్పకుండా.

అతను వెళ్ళబోతూ బీరువా మీద పెళ్ళి ఫొటోల సీడీల కట్ట చూశాడు. ఆదివారాలు ఆమె సంచిలో ఉండేవవి.

"ఇవి పైకెక్కేయేం?"

"ఆ పని దీని మీద అవ్వదుట."

"మరి నాతో అనలేదేం?"

"మీరు కరెంటు సంగతే అడిగేరు."

బుల్లిరాజు గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. ఏదో అనాలని నిలబడ్డాడని ఆమెకి తెలుసు. సాయంత్రం వచ్చేటప్పుడు ముంజెలు తెచ్చాడు. చెక్కు తీసి, తల్లికి ఒక గిన్నెలో పెట్టి, రెండో గిన్నె కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళాడు.

ఆ వారం ఇల్లు తేలిక పడింది.

"ఎవరమ్మేరే?" అని అడిగేది వరహాలమ్మ, భవానీ హద్దులు చదువుతుంటే.

"పేర్లు చెప్పకూడదు అత్తయ్యగారూ. రైటరు సూర్యప్రకాశరావుగారు పని మానిపించేస్తారు."

"నేను మంచం దిగి ఎవరికి చెబుతానే? పోనీ పేరొద్దు. నలుపా, ఎరుపా?"

"నలుపే."

"అప్పుల మనిషా?"

"అత్తయ్యగారూ!"

"తెలిసిందిలే. చదువు."

గురువారం మధ్యాహ్నం కోత మొదలయ్యాక మబ్బు పట్టింది. పెరట్లో చాప మీద మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. భవానీ దస్తావేజు సగంలో వదిలి పరిగెత్తింది. ముక్కలు ఎత్తి, చాప చుట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. తెర మీద ఆగిన చోటే గీత కొట్టుకుంటోంది. అత్తగారిని పక్కకి తిప్పే వేళయిందని గదిలోకి వెళ్ళి, నడుం కింద చెయ్యి దూర్చింది.

చెక్క తగిలింది.

కూత వినపడలేదు. పెరడు దూరం కాదు, పెడితే వినపడేది. వెళ్ళి ఇన్వర్టరు చూసింది. ఛార్జి చూపించే దీపాలు చాలావరకు వెలుగుతూనే ఉన్నాయి. మళ్ళీ వచ్చి పరుపు తీగ పట్టుకుని గోడదాకా వెళ్ళింది. ప్లగ్గు ఉన్నచోటే ఉంది.

స్విచ్చి కట్టేసి ఉంది.

ఆ స్విచ్చి బోర్డు మంచం పక్కనే మోకాలెత్తున ఉంటుంది. పైన ఉన్నదాన్ని కిందకి దింపింది బుల్లిరాజే. అమ్మ ఫ్యాను అమ్మే వేసుకోవాలని, ఎడం చేతికి అందేలా వెదురుకర్ర కోసి, చివర ఏరియేటరు రబ్బరు ముక్క తొడిగి ఇచ్చాడు. ఫ్యాను పక్కనే పరుపు స్విచ్చి.

కర్ర వరహాలమ్మ గుండెల మీద ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

"అత్తయ్యగారూ."

భవానీ మంచం మీదికి వంగింది.

"నిద్రపోతే మీకు నోరు తెరుచుకుంటుంది. ఇప్పుడు మూసుకుని ఉంది."

వరహాలమ్మ ఒక కన్ను తెరిచింది. "కరెంటొచ్చేక వేద్దావనుకున్నాను."

"ఎందుకు తీసేరు?"

"నీ పని ఆగిపోకుండా. ఈ పరుపు తినేది ఆ కంప్యూటరు తింటుంది కదా."

"ఆ సోమవారం?"

ఆవిడ గోడ వైపు చూసింది.

"ఆ సోమవారం కూడా మీరేనా?"

"అది కూత పెట్టింది కదే. రైటరుగారు ఆటో పంపేరని నువ్వు కంగారు పడ్డావు. బుల్లిగాడి బండి చప్పుడు వినగానే మళ్ళీ వేసేసేను. పరుపు పొంగేలోపే వాడొచ్చి చెయ్యి పెట్టేసేడు."

భవానీ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. దుప్పటి ముడులు, దీపక్ కొట్టు, బీరువా మీది సీడీలు. ఏది ముందు అడగాలో తెలియలేదు.

"ఇప్పుడసలు కూతే పెట్టలేదు కదండీ."

"పెట్టేదాకా ఎందుకే?"

"మీ వీపు పుండు పడితే?"

"నా వీపు నాకు తెలీదా? కాసేపే." వరహాలమ్మ ఎడం చేత్తో కోడలి జుట్టు అందుకుంది. అందినంత మేర నిమిరింది. "ఎనిమిది నెల్లనుంచి అందరూ నాకు చేసేవాళ్ళే. నేను ఒకళ్ళకి చెయ్యగలిగింది ఆ స్విచ్చి ఒక్కటే కనపడింది."

భవానీ ఆ చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఆగాయి, ఎందుకంటే వీధిలో బండి చప్పుడైంది.

"వాడికి చెప్పకే," అంది వరహాలమ్మ గొంతు తగ్గించి. "కర్ర లాగేసుకుంటాడు. బోర్డు పైకెక్కించేస్తాడు. తర్వాత ఫ్యానుకి కూడా నిన్నే పిలవాలి."

స్విచ్చి వెయ్యడానికి భవానీ చెయ్యి చాపింది. అతను లోపలికి వచ్చేలోపు పరుపు పొంగదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

బుల్లిరాజు కాళ్ళు కడుక్కుని వచ్చాడు. "మబ్బు చూసి వచ్చేసేను, ముక్కలు ఎత్తేవా?" అంటూనే అలవాటుగా తల్లి నడుం కింద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తల తిప్పి పక్కగదిలో వెలుగుతున్న తెర చూశాడు.

"అన్నాను కదా," అన్నాడు. అరవలేదు. "ఇంకొక్కసారి దిగితే అని అన్నాను కదా, భవానీ."

ఆమె అత్తగారి వైపు చూసింది. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. చెబితే ఆ మనిషి చేతిలో మిగిలిన ఒక్క వస్తువూ పోతుంది. చెప్పకపోతే తన చేతి కింద మిగిలిన ఒక్క పనీ పోతుంది.

బుల్లిరాజు లేచి కంప్యూటరు తీగ వైపు ఒక అడుగు వేశాడు.

భవానీ కర్ర తీసింది. వరహాలమ్మ ఎడం చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మీరే అత్తయ్యగారూ. చెబితే మీరే చెప్పాలి. నేను చెప్పను."

వరహాలమ్మ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కర్ర ముందుకి జరిపింది. రబ్బరు గోడకి తగిలి జారింది. ఆవిడ మళ్ళీ జరిపింది.

స్విచ్చి పడింది. మోటారు మూలిగింది. పరుపు గొట్టాలు ఒక్కొక్కటే లేవడం మొదలుపెట్టాయి.

బుల్లిరాజు ఆ రబ్బరు ముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. దాన్ని కోసింది అతనే. కొలత చూసి తొడిగిందీ అతనే. చూపు అక్కణ్ణుంచి బోర్డు మీదికి, బోర్డు మీంచి తల్లి వీపు వైపుకి, చివరికి బీరువా మీది సీడీల దాకా వెళ్ళి వచ్చింది.

"అమ్మా," అన్నాడు.

కర్రకోసం చెయ్యి చాపాడు. రెండో కొస పట్టుకున్నాడు.

వరహాలమ్మ వదల్లేదు.